పరుగే ప్రాణమైన ముధోల్ జాగిలం

ముధోల్ హౌండ్ దక్కన్ పీఠభూమికి చెందిన వేట జాగిలం. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ పట్టణం పేరే దీనికి వచ్చింది. తెలంగాణలో నిర్మల్ జిల్లాలోనూ ఒక ముధోల్ ఉంది గానీ, ఈ జాగిలం పుట్టిల్లు అది కాదు. మహారాష్ట్రలో దీన్ని కర్వానీ, కారవాన్ హౌండ్ అంటారు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కారవాన్ హౌండ్‌గా, ఇండియన్ నేషనల్ కెన్నెల్ క్లబ్ ముధోల్ హౌండ్‌గా గుర్తించేది ఒకే రకం కుక్కను. కొన్నేళ్లుగా తెలుగు రాష్ట్రాల్లోనూ తోటలు, ఫామ్‌హౌస్‌లు ఉన్నవారు దీనిపై మనసు పడుతున్నారు. పల్చటి నడుము, పొడవాటి కాళ్లు, ఠీవిగా నిలబడే తీరు చూసి ముచ్చటపడి కొని తెచ్చుకునేవారూ ఉన్నారు. ఈ జాతిని పెంచాలంటే ముచ్చట ఒక్కటే చాలదు. దీని ఒళ్లూ బుద్ధీ కూడా పరుగు కోసం తయారైనవి. రోజూ పరుగుకు వీలు కల్పించగల ఇంట్లోనే ఇది ఆరోగ్యంగా, బుద్ధిగా పెరుగుతుంది.

పుట్టుపూర్వోత్తరాలు

మధ్య ఆసియా నుంచి, అరబ్బు దేశాల నుంచి సైన్యాల వెంట, వర్తకుల వెంట దక్కన్‌కు వచ్చిన సలూకీ, తాజీ వంటి జాగిలాలే దీని పూర్వీకులని ఎక్కువమంది భావిస్తారు. అవి ఇక్కడి కుక్కలతో కలిసి, ఇక్కడి ఎండకూ మెట్ట నేలకూ తట్టుకునే జాతిగా స్థిరపడ్డాయి. తెలుగునాట బోయలుగా పేరున్న బేడరు వేటగాళ్లు వీటిని వేటకు వాడేవారు. ముధోల్ సంస్థానాధీశుడు రాజా మాలోజీరావు ఘోర్పడే ఈ కుక్కల చురుకుదనం చూసి, మేలైనవాటిని ఎంచి సంతతి పెంచడం మొదలుపెట్టాడు. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఆయన బ్రిటన్ రాజు అయిదో జార్జికి ఒక జంటను కానుకగా ఇచ్చాడని, ఆ తర్వాతే ముధోల్ పేరు వీటికి స్థిరపడిందని చెబుతారు.

సంస్థానాలు పోయాక రాజాదరణ పోయింది. ఆ చుట్టుపక్కల పల్లెల్లోని రైతులు, పశువుల కాపరులే ఈ జాతిని నిలబెట్టారు. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు భారతీయ శునక జాతుల మీద స్టాంపులు విడుదల చేసినప్పుడు రాజపాళయం, రాంపూర్ హౌండ్, హిమాలయన్ షీప్‌డాగ్‌లతో పాటు ముధోల్‌కూ చోటు దక్కింది. ముధోల్ సమీపాన తిమ్మాపుర్‌లో కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం వారి శునక పరిశోధన, సమాచార కేంద్రం ఈ జాతి స్వచ్ఛతను కాపాడే పని చేస్తోంది. 2016లో భారత సైన్యం కొన్ని పిల్లలను మీరట్‌లోని రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ కేంద్రానికి శిక్షణ కోసం తీసుకుంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ మొట్టమొదటగా నమోదు చేసిన మూడు శునక జాతుల్లో రాజపాళయం, చిప్పిపారైలతో పాటు ఇదీ ఒకటి. 2024లో లక్నోలో జరిగిన అఖిల భారత పోలీసు డ్యూటీ మీట్‌లో సరిహద్దు భద్రతా దళానికి చెందిన రియా అనే ముధోల్ విదేశీ జాతులను దాటి ఉత్తమ జాగిలంగా నిలిచింది.

శరీర నిర్మాణం

వేట కుక్కల్లో రెండు తెగలున్నాయి. వాసన పట్టి వెళ్లేవి ఒక తెగ, కంటితో చూసి తరిమేవి మరో తెగ. బీగిల్ మొదటి తెగది, ముధోల్ రెండో తెగది. పొడవాటి సన్నని తల, పక్కలకు ఒదిగిన పెద్ద కళ్లు ఉండటం వల్ల దీనికి చూపు మేర చాలా విశాలం. దూరాన కదిలే చిన్న ప్రాణినైనా ఇట్టే పసిగడుతుంది. ఎదిగిన మగ కుక్క భుజం దగ్గర సుమారు 68 నుంచి 72 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఆడది కొంచెం పొట్టి. బరువు 20 నుంచి 28 కిలోల మధ్య ఉంటుంది. వెంట్రుకలు పొట్టిగా, ఒంటికి అతుక్కుని ఉంటాయి. లేత గోధుమ, మీగడ, నలుపు, బూడిద రంగులు, వాటి కలగలుపులు కనిపిస్తాయి.

లోతైన ఛాతీలో పెద్ద గుండె, ఊపిరితిత్తులు ఒదుగుతాయి. డొక్క లోపలికి లాక్కుని ఉంటుంది. వెన్ను బాగా వంగుతుంది. పరుగెత్తేటప్పుడు ఒక్కో అంగలో నాలుగు కాళ్లూ రెండుసార్లు నేలను విడిచి గాలిలో ఉంటాయి. ఒకసారి కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు, మరోసారి ముందుకూ వెనక్కూ పూర్తిగా చాచినప్పుడు. వెన్ను విల్లులా వంగి సాగడం వల్లే అంత పెద్ద అంగ సాధ్యమవుతుంది. చీతా పరుగూ ఇలాంటిదే.

ఈ నిర్మాణానికి తగ్గట్టే ఒంట్లో కొవ్వు చాలా తక్కువ, చర్మం పల్చన. ఆరోగ్యంగా ఉన్న ముధోల్‌కు చివరి రెండు మూడు పక్కటెముకలు, తుంటి ఎముకల మొనలు కనిపిస్తూనే ఉంటాయి. అది జాతి లక్షణం. చూసినవారు తిండి పెట్టడం లేదేమో అంటున్నారని ఎక్కువ పెట్టి లావు చేస్తే కీళ్లకూ గుండెకూ చేటు.

స్వభావం

ముధోల్ తన ఇంటివారికి బాగా చేరువవుతుంది. కొత్తవారికి దూరంగా ఉంటుంది. వచ్చినవారల్లా తలనిమిరితే ఓర్చుకునే రకం కాదు. వేటలో యజమాని ఆజ్ఞ కోసం ఆగకుండా తనంతట తానే నిర్ణయం తీసుకోవలసిన జాతి కాబట్టి, స్వతంత్ర బుద్ధి ఎక్కువ. చెప్పిన ప్రతి మాటనూ లాబ్రడార్‌లా వెంటనే పాటించాలని ఆశించకూడదు. గట్టిగా కసిరినా, కొట్టినా ముడుచుకుపోతుంది, లేదా ఎదురు తిరుగుతుంది. దెబ్బలతో ఈ జాతికి ఏదీ నేర్పలేరు.

కదిలేదాన్ని తరమడం దీని రక్తంలో ఉంది. పిల్లి, కోడి, మేకపిల్ల, కుందేలు, రోడ్డు మీద వెళ్లే స్కూటర్ ఏదైనా దీని కంటికి వేటే. చిన్నప్పటి నుంచి ఇంట్లోని పిల్లితో కలిసి పెరిగితే దానితో సర్దుకోవచ్చు. బయటి పిల్లిని మాత్రం వదలకపోవచ్చు. కోళ్లు, గొర్రెలు ఉన్న ఇళ్లవారు ఈ విషయం ముందే ఆలోచించుకోవాలి.

పిల్లను ఎంచుకోవడం

కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి. తల్లి పాలు, తోబుట్టువులతో ఆట ఆ 8 వారాలూ దొరికిన పిల్లే తర్వాత భయం లేకుండా పెరుగుతుంది. కొనేవారు తల్లిని చూడాలి. తండ్రిని కూడా చూడగలిగితే మరీ మంచిది. తల్లి బెదురుగా, కరిచేలా ఉంటే ఆ ఈత పిల్లలను వదిలేయడమే మేలు. టీకాల కార్డు, నట్టల మందు వేసిన తేదీలు అడిగి తీసుకోవాలి. వేగం పెరుగుతుందని గ్రేహౌండ్‌తో కలిపి ఈనించిన పిల్లలను ముధోల్ పేరుతో అమ్మడం ఈ జాతి స్వచ్ఛతకు పెద్ద ముప్పుగా ఉంది. అందుకే నమోదైన పెంపకందారు దగ్గరో, తిమ్మాపుర్ కేంద్రం ద్వారానో తీసుకోవడం మంచిది.

హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ లైసెన్సు తీసుకోవాలి. మిగతా పట్టణాల్లో మున్సిపాలిటీ నిబంధనలు కనుక్కోవాలి. తోక కోయించడం, చెవులు కత్తిరించడం జంతు హింస కిందికి వస్తాయి. ముధోల్‌కు ఆ అవసరమూ లేదు.

ఇల్లు, ఆవరణ

ప్రహరీ ఉన్న ఇల్లు దీనికి అనువైనది. గోడ లేదా కంచె కనీసం 6 అడుగుల ఎత్తు ఉండాలి. నాలుగడుగుల గోడను ఇది నిలబడ్డచోటు నుంచే దూకగలదు. ముళ్ల తీగ వాడకూడదు. పల్చటి చర్మం ఒక్క రాపిడికే చీలుతుంది. గేటు సందులు కూడా చూసుకోవాలి, ఇంత సన్నని కుక్క ఇరుకు సందులోంచి కూడా దూరిపోగలదు.

రోజంతా గొలుసుతో కట్టేసి ఉంచడం ఈ జాతికి తీరని అన్యాయం. కట్టేసిన ముధోల్ విసుగుతో మొరుగుతుంది, తవ్వుతుంది, తన కాళ్లను తానే నాకి పుండ్లు చేసుకుంటుంది, చివరకు మనిషి మీదే తిరగబడుతుంది. జంతు హింస నివారణ చట్టం 1960 కూడా అకారణంగా చాలాసేపు పొట్టి గొలుసుతో కట్టివేయడాన్ని నేరంగా పరిగణిస్తుంది.

మోచేతులు, తుంటి దగ్గర కండ తక్కువ కాబట్టి గచ్చు మీద పడుకుంటే ఒరుపులు, పుండ్లు పడతాయి. మెత్తటి పరుపో, మడత పెట్టిన దుప్పట్లో వేయాలి. ఆదిలాబాద్ వంటి చలి ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి రాత్రులు ఇంటి లోపలే ఉంచాలి.

వ్యాయామం

ఎదిగిన ముధోల్‌కు రోజుకు రెండు పూటలా బయటికి వెళ్లడం తప్పనిసరి. మొత్తం గంట నుంచి గంటన్నర నడక, అందులో కొంత స్వేచ్ఛగా పరుగు ఉండాలి. పట్టీ పట్టుకుని వీధి చివరి దాకా తిప్పితే ఆ లెక్కకు రాదు. వారానికి కనీసం రెండు మూడుసార్లు కంచె ఉన్న తోటలోనో, మైదానంలోనో వదిలి పరుగెత్తనివ్వాలి. కంచె లేనిచోట, రోడ్డు పక్కన పట్టీ విప్పకూడదు. వేట కంటబడ్డ క్షణంలో దానికి పిలుపు వినిపించదు.

పొడవాటి కర్రకు తాడు, తాడుకు గుడ్డ కట్టి నేల మీద లాగుతూ తరమనివ్వడం చక్కని ఆట. వేట కోరిక తీరుతుంది, ఏ ప్రాణికీ హాని ఉండదు. కుందేళ్లు, జింకల మీదికి కుక్కను ఉసిగొల్పడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద శిక్షార్హమైన నేరం. సరదాగా వేటకు తీసుకెళ్తామనేవారు ఈ కుక్కను పెంచకూడదు.

ఏడాది నిండని పిల్లను బండి వెంట, మనిషి జాగింగ్ వెంట బలవంతాన పరుగెత్తించకూడదు. ఎముకల చివర్లలో ఎదుగుదల ఇంకా పూర్తికాదు. దెబ్బ తింటే కాళ్లు వంకరపోతాయి. పిల్ల తన ఇష్టానికి ఆడుకోవడం, అలసినప్పుడు పడుకోవడం చాలు.

తెలుగు రాష్ట్రాల వేసవిలో సూర్యోదయానికి ముందు, చీకటి పడ్డాక మాత్రమే తిప్పాలి. తారురోడ్డు మీద అరచేతి వెనక భాగం కొన్ని క్షణాలు ఆనించలేకపోతే ఆ రోడ్డు కుక్క పాదాలకూ కాలుతుంది. వగర్పు ఆగకపోయినా, చిగుళ్లు ఎర్రబడినా, తూలినా వడదెబ్బగా భావించాలి. నీడలోకి తెచ్చి, ఒంటిని మామూలు నీటితో తడుపుతూ, గాలి విసురుతూ వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

శిక్షణ

పిల్లకు 3 వారాల నుంచి 14 వారాల వయసు లోకం తెలుసుకునే కాలం. ఆ రోజుల్లో కొత్త మనుషులు, పిల్లలు, ఆటోల చప్పుడు, ఇతర కుక్కలు అన్నీ మెల్లగా పరిచయం చేయాలి. ఆ వయసులో నాలుగు గోడల మధ్యే ఉన్న ముధోల్ పెద్దయ్యాక ప్రతిదానికీ బెదురుతుంది. టీకాలు పూర్తికాకముందు వీధి నేల మీద దింపకుండా ఎత్తుకుని తిప్పితే చాలు.

మొదట నేర్పవలసినది పిలిస్తే రావడం. ఇంట్లో, తర్వాత ప్రహరీలో, ఆ తర్వాత పొడవాటి తాడు కట్టి మైదానంలో క్రమంగా నేర్పాలి. వచ్చిన ప్రతిసారీ ఉడికించిన కోడి మాంసం ముక్కో, మెచ్చుకోలో దక్కాలి. ఆలస్యంగా వచ్చినా తిట్టకూడదు. దగ్గరకొస్తే తిట్లు తప్పవని దానికి తెలిస్తే మళ్లీ రాదు. ఒక్కో పాఠం అయిదు నుంచి పది నిమిషాలు మించకూడదు. దీనికి తల కంటే మెడ వెడల్పు కాబట్టి మామూలు కాలర్ జారిపోతుంది. లాగినప్పుడు కొంచెం బిగిసే వెడల్పాటి మార్టింగేల్ కాలర్ వాడాలి.

ఆహారం

ముధోల్ చుట్టుపక్కల పల్లెల్లో వీటికి జొన్న రొట్టె, పాలు, వీలున్నప్పుడు గుడ్డు, మాంసం పెడతారు. బాగా ఉడికిన జొన్న, రాగి సంకటి, అన్నం ఏదైనా అరిగించుకుంటుంది, కానీ కండ నిలవాలంటే మాంసకృత్తులు తప్పనిసరి. కోడి మాంసం, గుడ్డు, చేప, పెరుగు, ఉడికించిన గుమ్మడి, క్యారెట్ కలిపిన తిండి మంచిది. కంపెనీ తిండి పెట్టేవారు కుక్క వయసుకు తగినది ఎంచుకోవాలి. రోజూ పరుగెత్తే 25 కిలోల కుక్కకు సుమారు 1,250 నుంచి 1,550 కిలోకేలరీలు కావాలి. బరువును బట్టి పెంచడం, తగ్గించడం చేసుకోవాలి.

తెలుగు ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు పిల్లకు పాలన్నం ఒక్కటే పెట్టడం. దాంతో ఎదుగుదల కుంటుపడుతుంది. మాంసం ఒక్కటే పెట్టినా కాల్షియం చాలక ఎముకలు మెత్తబడతాయి. ఇంటి తిండి పెట్టేవారు కాల్షియం విషయం పశువైద్యుడిని అడిగి సరిచూసుకోవాలి. 4 నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, 6 నెలల దాకా మూడుసార్లు, ఆ తర్వాత రెండుసార్లు పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, జైలిటాల్ ఉన్న మిఠాయిలు కుక్కలకు విషం. ఉడికించిన ఎముకలు విరిగి పేగులను చీలుస్తాయి.

లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు పొట్ట ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది. ఒకేసారి కడుపునిండా పెట్టడం, తిన్న వెంటనే పరుగెత్తించడం మానాలి. తిండికీ పరుగుకూ మధ్య కనీసం గంట విరామం ఉండాలి. పొట్ట బిగుసుకుని ఉబ్బినా, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోయినా, చొంగ కారుస్తూ అటూ ఇటూ తిరిగినా తెల్లవారేదాకా ఆగకూడదు. కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది, శస్త్రచికిత్స ఒక్కటే దారి.

ఆరోగ్యం

స్థానిక వాతావరణానికి అలవాటుపడ్డ జాతి కాబట్టి ముధోల్ మొత్తం మీద గట్టి కుక్క. మంచి పెంపకంలో 10 నుంచి 12 ఏళ్లు, అంతకుమించి కూడా బతుకుతుంది. టీకాలు మాత్రం ఏ కుక్కకైనా ఒకటే. 6 నుంచి 8 వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ తదితర వ్యాధులకు మొదటి టీకా, 16 వారాల దాకా మూడు నాలుగు వారాలకోసారి తర్వాతి మోతాదులు, 3 నెలలు నిండాక రేబిస్ టీకా, ఆపైన వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం మళ్లీ వేయించాలి. నట్టల మందు 3 నెలల దాకా రెండు వారాలకోసారి, 6 నెలల దాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి వేస్తారు.

తోటల్లో, పొలాల్లో తిరిగే కుక్కకు పిడుదుల బెడద ఎక్కువ. అవి ఎర్లికియా, బెబీసియా వంటి జ్వరాలను మోసుకొస్తాయి. తిండి మానడం, జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కారడం వాటి గుర్తులు. పరుగు ముగిశాక చెవుల లోపల, వేళ్ల సందుల్లో, చంకల్లో రోజూ వెతకాలి. అప్పుడే పాదాల్లో తుమ్మముళ్లు, గోళ్ల చీలికలు కూడా కంటపడతాయి. చర్మం చీలితే చిన్న గాయమని వదలకూడదు, ఈ జాతిలో చీలిక త్వరగా సాగుతుంది. మనుషుల నొప్పి మాత్రలు ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు.

మత్తుమందు విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. గ్రేహౌండ్ వంటి జాగిలాల శరీరం థయోపెంటాల్ తరహా మత్తుమందులను ఆలస్యంగా వదిలించుకుంటుందని పశువైద్యులకు తెలుసు. కొవ్వు తక్కువ కావడం కూడా దానికొక కారణం. ముధోల్‌దీ అదే తరహా శరీరం కాబట్టి శస్త్రచికిత్సకు ముందు జాతి ఏదో వైద్యుడికి తప్పక చెప్పాలి.

వెంట్రుకల సంరక్షణకు పెద్ద శ్రమ లేదు. వారానికోసారి రబ్బరు బ్రష్‌తో దువ్వి, నెలకోసారి కుక్కల షాంపూతో స్నానం చేయిస్తే సరిపోతుంది. గోళ్లు పెరిగితే పరుగులో విరుగుతాయి కాబట్టి రెండు మూడు వారాలకోసారి కత్తిరించాలి. పిల్లలు వద్దనుకునేవారు ఎదుగుదల పూర్తయ్యాక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి వైద్యుడిని సంప్రదించాలి. సంతతి కావాలనుకునేవారు 18 నెలలు నిండని ఆడ కుక్కను జతకట్టించకూడదు. చూడి కాలం సుమారు 63 రోజులు.

ఎవరు పెంచాలి?

పొలమో తోటో ఉన్నవారు, ప్రహరీ ఇంట్లో ఉండి ఉదయం, సాయంత్రం సమయం ఇవ్వగలవారు, ఓర్పుగా నేర్పగలవారు ముధోల్‌ను నిశ్చింతగా పెంచవచ్చు. తగినంత పరుగు దొరికిన ముధోల్ ఇంట్లో నెమ్మదిగా, మూల పరుపు మీద పడుకుని ఉంటుంది. అపార్టుమెంటులో రోజంతా తాళం వేసి ఉద్యోగాలకు వెళ్లేవారికి, హోదా కోసం కుక్కను కొనాలనుకునేవారికి ఇది తగదు. అలాంటి ఇళ్లకు శాంత స్వభావం ఉన్న ఊరకుక్క పిల్లను దత్తత తీసుకోవడం మేలు.

దక్కన్ నేల మీద తరతరాలుగా రైతులూ కాపరులూ నిలబెట్టిన జాతి ఇది. దాని మీద నిజంగా అభిమానం ఉన్నవారు కొనే ముందు రోజుకు రెండు పూటలా పరుగు, ఎత్తయిన గోడ, పన్నెండేళ్ల బాధ్యత తమవల్ల అవుతాయా అని ఆలోచించుకోవాలి. అవునని గట్టిగా చెప్పగలిగినవారే పిల్లను ఇంటికి తెచ్చుకోవాలి.